ఏడడుగుల సంసారము

గోదావరి, కృష్ణా డెల్టాలలో కాలువగట్ల ప్రక్కన పెరిగిన పెద్దలకు లాకు అనగా నేమో వివరింప నక్కరలేదు. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. ఆ ఆనకట్టనుండి సాగిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే కాక పడవలకు బాటలు కూడ అయినవి. ధాన్యము, ఉప్పు, కలప, తీర్థమునకు పోవువారు, పెండ్లికి తరలువారు, అందరికిని ఒకనాడు పడవయే ఆధారము. ఆ ఆనకట్టను కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఈ దేశమునకు రైలుబాటకంటె నీటిబాటయే చౌక యని తుదివరకు వాదించెను. ఆయన 1803లో జన్మించు నాటికి ఇంగ్లండులో కాలువల నిర్మాణము ముమ్మరముగా సాగుచుండెను. మన డెల్టాలకు లాకును, దాని పేరును ఇంగ్లీషు ఇంజనీర్లతోనే వచ్చినవి.

ఆ ఇంగ్లండు కాలువలమీద ఒక విచిత్రము జరిగినది. అక్కడ కొన్ని వేల కుటుంబములకు పడవయే ఇల్లయినది. పుట్టుట, పెరుగుట, పెండ్లాడుట, ముసలితనము అన్నియు నీటిమీదనే. ఆ పడవ వెడల్పు ఏడడుగులకు మించదు. పెండ్లిలో ఏడడుగులు నడచి సంసారము మొదలుపెట్టుట మనకు తెలియును. ఏడడుగులలోనే సంసారమంతయు గడపిన వారి కథను ఈనాటి ప్రసంగములో చెప్పుకొందము.

మొదట ఆ ఏడడుగుల లెక్క ఎక్కడనుండి వచ్చినదో చూడవలెను. మాంచెస్టరు నగర సమీపమున వర్స్లీ అనుచోట బ్రిడ్జివాటర్ ప్రభువునకు బొగ్గుగనులు ఉండెడివి. బొగ్గును బురదబాటలపై గుర్రములమీద తోలించుట ఖర్చుతో కూడిన పని. ప్రభువు కాలువ త్రవ్వించెను. 1761లో ఆ కాలువ మీదుగా బొగ్గుపడవలు కదలగా, మాంచెస్టరులో బొగ్గు ధర ఇంచుమించు సగమునకు దిగెనని చెప్పుదురు. ఒక గుర్రము గట్టుమీద నడచుచు, పొడవైన త్రాటితో పాతిక ముప్పది టన్నుల సరుకును నీటిపై లాగుకొని పోవుచుండుట చూచి దేశమంతయు ఆశ్చర్యపడినది. ప్రతి ఊరి వర్తకుడును తనకొక కాలువ కావలె ననెను.

ఆ కాలువ కట్టిన ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. అతడు మిల్లుల యంత్రములు బాగుచేయు పనివాడు. చదువు అంతంత మాత్రమే. క్లిష్టమైన సమస్య ఎదురైనప్పుడు కాగితము, కలము పట్టక, మంచముపై పడుకొని మనసులోనే లెక్క తేల్చుకొని లేచెడివాడట. ట్రెంటు, మెర్సీ అను రెండు నదులను కలుపు కాలువ పని 1766లో అతని చేతికి వచ్చినది. పింగాణి పాత్రల వ్యాపారమున ప్రసిద్ధికెక్కిన జోసయా వెడ్జ్‌వుడ్ మొదటి గడ్డపార వేసెను. గతుకుల బాటలమీద బండ్లలో పోయిన పింగాణి పగిలిపోవుచుండెను. నీటిమీద పోయిన పాత్ర పగులదు.

ఈ కాలువకు హేర్‌కాసిల్ అను కొండ అడ్డమువచ్చినది. దానిని తొలిచి సుమారు మైలున్నర పొడవుగల సొరంగము చేయవలసివచ్చెను. సొరంగము వెడల్పు పెరిగినకొలది ఖర్చు పెరుగును. లాకు వెడల్పు పెరిగినకొలది పడవ పడవకు ఖర్చగు నీరు పెరుగును. కాబట్టి బ్రిండ్లీ లాకును సుమారు 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పుతో కట్టించెను. అందులో పట్టవలసిన పడవ 70 అడుగుల పొడవు, ఏడడుగులకు ఒక అంగుళమో రెండంగుళములో తక్కువ వెడల్పు ఉండవలెను. దానికే ఇరుకు పడవ అని పేరు. బ్రిండ్లీ 1772లో మరణించెను. కాలువ 1777లో పూర్తియైనది. నీటిని, డబ్బును పొదుపుచేయుటకు అతడు వేసిన ఆ లెక్క తరువాతి తరముల మనుష్యులు ఎంత చోట కాళ్లు చాపుకొనవలెనో కూడ నిర్ణయించెను. ఆ సంగతి అతనికి తోచి యుండదు.

లాకు పని ఎట్లుండునో ఒక్కమాట చెప్పుకొందము. ఎగువ నీటిమట్టమునకు, దిగువ నీటిమట్టమునకు నడుమ రాతితోనో, ఇటుకతోనో కట్టిన పొడవైన తొట్టి లాకు. పడవ దిగువనుండి వచ్చినచో, తొట్టిలోనికి చొరబడి వెనుక తలుపులు మూసుకొనును. పడవవారు ఇనుప చేతిపిడితో పైతూము లెత్తుదురు. నీరు నిండినకొలది పడవ పైకి లేచును. మట్టములు సమమైన పిమ్మట తలుపు దూలమునకు వీపు ఆనించి త్రోసినచో తెరచుకొనును. అంతవరకు ఎంత బలవంతుడు త్రోసినను కదలదు. ఇరుకు లాకు ఒక్కమారు నిండవలెనన్న లక్ష లీటర్లకు పైగా నీరు పట్టును. వానలు కురియని యేట ఎగువ చెరువులు ఎండి, పడవలు ఉన్నచోటనే నిలిచిపోవుచుండెను. వూస్టరు, బర్మింగ్‌హాము కాలువమీద టార్డిబిగ్ అనుచోట రెండుంబావు మైళ్లలో 30 లాకులు మెట్లవలె ఉన్నవి. ముప్పది తొట్లు నింపి, ముప్పది తొట్లు దాటిననే ఆనాటి ప్రయాణము ఒక కొసకు వచ్చును.

సొరంగములు అంతకంటె గడ్డువి. హేర్‌కాసిల్ మొదటి సొరంగములో గుర్రము నడచుటకు గట్టు లేదు. గుర్రమును విప్పి, ఎవరో ఒకరు, తరచుగా పిల్లలు, కొండమీది బాటన అవతలికి తోలుకొని పోయెడివారు. లోపల ఇద్దరు మనుష్యులు పడవ ముందుభాగమున అడ్డముగా వేసిన పలకమీద వెల్లకిల పరుండి, రెండువైపుల గోడలను పాదములతో త్రోయుచు పడవను నడిపించెడివారు. చీకటిలో, పైనుండి కారు నీటిబొట్ల నడుమ, మూడు గంటల సేపు గోడమీద నడక. 1827లో ప్రక్కనే థామస్ టెల్ఫర్డ్ గట్టుబాటతో రెండవ సొరంగము కట్టువరకు ఇదియే గతి. 1811లో తెరచిన స్టాండెడ్జి సొరంగము మూడు మైళ్లకు పైబడినది. అందును ఇదే పద్ధతి.

ఇట్టి పడవలమీదికి కుటుంబములు ఎట్లు చేరినవి? మొదటి రోజులలో పడవ నడుపువారిలో పలువురికి గట్టుమీద ఇల్లుండెను. భార్యాబిడ్డలు ఇంటివద్ద, మగవాడు, అతనికి సాయముగా జీతపు కుర్రవాడు పడవమీద. కొన్ని కుటుంబములు ముందునుండియే పడవ నెక్కినను, 1830లో లివర్‌పూలు, మాంచెస్టరుల నడుమ, 1838లో లండను, బర్మింగ్‌హాముల నడుమ రైళ్లు నడచిన తరువాత ఆ మార్గము పట్టినవారు పెరిగిరి. రైలుతో పోటీకి కాలువల కంపెనీలు కిరాయిలు తగ్గించినవి. కిరాయి తగ్గినచో సరంగు కూలి తగ్గును. ఇక జీతపు కుర్రవానికి బదులు భార్య చుక్కాని పట్టవలసినదే. గట్టుమీది ఇంటి అద్దె మిగిలెను. సంసారము ఒక్కచోట ఉన్నదను తృప్తియును మిగిలెను. ఆ తృప్తిని మనము తక్కువ చేయరాదు. దినముల తరబడి తండ్రి ముఖము చూడని పిల్లలకంటె, తండ్రి ప్రక్కనే నిలిచి త్రాడు పట్టుట నేర్చిన పిల్లలు ఒకవిధముగా భాగ్యవంతులే.

పడవలో అధిక భాగము సరుకునకే. కూలి సరుకు బరువును బట్టి యుండుటచేత, మనుష్యునికి వదలిన ప్రతి అడుగును నష్టమే. అందుచేత ఇల్లు అనునది పడవ వెనుక కొసన పదడుగుల లోపు పొడవుగల గది. అందులో ఒక పెద్దవాడు నిటారుగా నిలుచుటకే కష్టము. మెట్టు దిగగానే ప్రక్కన ఇనుప పొయ్యి. దానిమీదనే వంట, దానితోనే చలికాచుకొనుట. పొయ్యి ప్రక్కన బీరువా, దాని తలుపును క్రిందికి వాల్చినచో భోజనపు బల్ల. ప్రక్క గోడను ఆనుకొని బల్లమంచము. లోపలి కొసన ఇంకొక మంచపు పలక. రాత్రి దింపుదురు, తెల్లవారగానే మడచి గోడలో దాచుదురు. కూర్చుండుచోటనే నిద్ర, నిద్రించుచోటనే ప్రసవము, రోగము, మరణము.

ఆ గదిని చూచినవారు దాని శుభ్రతను చూచి ఆశ్చర్యపడిరి. అంచుల చిల్లులలో రిబ్బనులు కట్టిన పింగాణి పళ్లెములు గోడనిండ వ్రేలాడుచుండును. చేతి అల్లిక లేసులు, తోమి తోమి అద్దమువలె మెరయు ఇత్తడి గుబ్బలు. తలుపులమీద, నీళ్లబిందె మీద, గుర్రపు దాణా పాత్ర మీద గులాబీపూలు, కొండమీది కోటలు ఎర్రని, పచ్చని రంగులలో చిత్రింపబడి యుండును. బొగ్గుధూళిలో బ్రతుకు ఇల్లాలు తన గడపను శుభ్రముగా ఉంచుకొనుట పంతముగా పట్టినది. మన ఇల్లాండ్రు మట్టి అరుగుమీద ముగ్గు పెట్టుటలో గల మర్యాదయే ఇదియు.

దినచర్య మాటకు వత్తము. తెల్లవారకముందే పొయ్యి వెలిగించి, గుర్రమునకు దాణా పెట్టి, పడవ విప్పవలెను. ఒకరు చుక్కానివద్ద, ఒకరు గుర్రమువెంట, ఒకరు ముందుగా పోయి రాబోవు లాకును సిద్ధపరచుటకు. ఎదురు పడవ మన లాకును ముందుగా పట్టుకొన్నచో కాలము పోయినట్లే. కూలి ప్రయాణమునకే గాని దినమునకు కాదు. సరుకు ఎక్కించుటకు రేవువద్ద వేచియున్న రోజులకు, మంచు గడ్డకట్టి నిలిచిపోయిన వారములకు కూలి లేదు, లేదా అతి స్వల్పము. త్రాగునీరు దారిలోని కొళాయిలవద్ద పట్టి పైకప్పుమీది బిందెలో నిలువచేయవలెను. బట్టలు గట్టుమీద ఉతకవలెను. మరుగుదొడ్డి అనగా ఒక బాల్చీ. రొట్టె, మాంసము, చక్కెర లాకు ప్రక్క దుకాణములో కొనవలెను. ఆ దుకాణదారుడే వచ్చిన ఉత్తరమును చదివి వినిపించెడివాడు. ఏలనగా పడవవారిలో పలువురికి అక్షరములు రావు.

పసివాండ్రను కాపాడుట తల్లికి నిత్యము గండము. చుక్కాని విడువరాదు, బిడ్డను విడువరాదు. కాబట్టి నడక వచ్చిన బిడ్డను పైకప్పుమీద పొగగొట్టమునకు పటకాతో కట్టియుంచెడివారు. కట్టు విడినచో ప్రక్కనే నీరు, లాకు తలుపులు, రాతిగోడకు పడవకు నడుమ చేయి పట్టనంత సందు. ఏడెనిమిది యేండ్లు వచ్చుసరికి ఆ బిడ్డయే గుర్రమును తోలును, తూము లెత్తును.

ఇచటనే అసలు చిక్కు వచ్చినది. ఇంగ్లండులో 1870 తరువాత పల్లెపల్లెకును బడి వచ్చినది. కాని ఇల్లు కదలుచున్నవానికి ఏ ఊరి బడి తనది? జార్జి స్మిత్ అను ఆయన చిన్ననాట ఇటుకబట్టీలో కూలిచేసి పైకి వచ్చినవాడు. ఇటుకబట్టీల పిల్లలకొరకు పోరాడిన పిమ్మట ఆయన దృష్టి కాలువలపై పడినది. 1875లో ఆయన కాలువజనులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, వారి ఇరుకును, పిల్లల నిరక్షరతను లోకమునకు చాటెను. ఫలితముగా 1877లో కాలువ పడవల చట్టము వచ్చెను. 1884లో దానిని సవరించి తనిఖీదారులను నియమించిరి.

ఆ చట్టము ప్రకారము నివాసమగు ప్రతి పడవయు ఏదో ఒక ఊరిలో నమోదు కావలెను. గదిలో పెద్దవానికి 60 ఘనపుటడుగులు, పన్నెండేండ్ల లోపు బిడ్డకు 40 ఘనపుటడుగులు ఉండవలెనని నిబంధన లేర్పడినవి. ఈ అంకెలు ఎంత స్వల్పమో ఒక లెక్క చూడుడు. మన ఇండ్లలో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గది 1000 ఘనపుటడుగులు. ఆ చట్టము లెక్కన అందులో 16 మంది పెద్దలు కాపురముండవచ్చును! ఇరుకును తగ్గించుటకు వచ్చిన చట్టమే ఇంతమాత్రము చోటును చాలునన్నది. అంతకుముందు ఎట్లుండెనో ఊహింపవచ్చును.

చదువు విషయమున చట్టము ఒక ఉపాయము చేసెను. పడవ ఏ ఊరిలో నమోదైనదో, బిడ్డ ఆ ఊరి నివాసియే అని భావింపవలెనట. కాగితముమీద ఇది చక్కగా ఉన్నది. కాని బిడ్డ ఆ ఊరిలో నెలకొక పూట ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఆగిన ప్రతిచోట బడికి పంపి, హాజరు చీటీలో సంతకము పెట్టించుకొనుమనిరి. సరుకు దిగువరకు రెండు పూటలు ఒక ఊరి బడిలో, వారము తరువాత ఇంకొక పూట మరియొక బడిలో. ప్రతిచోటను మొదటి అక్షరమే. తోటి పిల్లలు బొగ్గువాసన అని దూరముగా జరుగుదురు. ఉపాధ్యాయుడు రేపు రాని బిడ్డపై ఎంత శ్రమపడును?

స్మిత్ గారి సేవ గొప్పది. ఆయన చాటియుండనిచో ఆ బిడ్డలను చట్టసభ తలచియుండదు. అయినను ఆయన ఉద్రేకమున పడవజనమంతటిని త్రాగుబోతులుగా, నీతి తప్పినవారుగా చిత్రించెను. తనిఖీదారుల నివేదికలు అంత ఘోరమును చూపలేదు. పడవవారికి ఆ మాటలు నాటుకొన్నవి. గట్టుమీది జనము తమను హీనముగా పిలుచుటయు వారికి బాధయే. తమను పడవవారు అనవలెనని వారి కోరిక. అవసరమున్నవాని తరపున మాటలాడువాడు వాని మర్యాదను కూడ కాపాడవలెనను పాఠము ఈ చరిత్రలో ఉన్నది.

1921లో పడవ నివాసములపై ఒక ప్రభుత్వ సంఘము విచారణ జరిపెను. బడియీడు పిల్లలను పడవలమీద ఉంచరాదను ప్రతిపాదన 1929లో చట్టసభకు వచ్చి నెగ్గలేదు. తల్లిదండ్రులు బిడ్డలను విడిచి యుండలేమనిరి. పిల్లల చేతిసాయము లేనిదే పడవ నడవదనుటయు నిజమే. రెండు వైపులను న్యాయము కలదు. అందుచేతనే అది తెగని తగవైనది. మేలైన ప్రయత్నము 1930లో జరిగినది. లండను సమీపమున వెస్ట్ డ్రేటన్ వద్ద ఎల్స్‌డేల్ అను పాత పడవను బడిగా మార్చిరి. పిల్లలు బడికి రాలేనిచో బడియే కాలువకు వచ్చినది. వైద్యవిషయమున స్టోక్ బ్రూర్న్ అను ఊరిలో, ఏడు లాకుల కొసన, మేరీ వార్డ్ అను పరిచారిక ఇదే పని చేసినది. తన ఇంటి ముందే కాలువ. దారిన పోవు పడవ ఏ వేళ ఆగినను ఆమె గాయములు కట్టెను, పురుళ్లు పోసెను. 1951లో ఆమెకు బ్రిటిష్ ఎంపైర్ పతకము లభించినది. ఆమె వారిని సంస్కరింప బూనలేదు. వారు పోవు దారిలో నిలిచియుండెను, అంతే.

ఇరువదవ శతాబ్దిలో గుర్రముల స్థానమున క్రమముగా ఇంజనులు వచ్చినవి. ఇంజనున్న పడవ వెనుక ఇంజను లేని మరియొక పడవను కట్టి, భర్త ముందుదానిని, భార్య వెనుకదానిని నడిపిరి. రెండవ ప్రపంచయుద్ధమున మనుష్యులు చాలక, పట్టణపు యువతులకు శిక్షణ నిచ్చి పడవలెక్కించిరి. వారు లండను రేవులనుండి లోహములను బర్మింగ్‌హామునకు చేర్చి, కవెంట్రీ ప్రాంతపు బొగ్గుతో తిరిగివచ్చెడివారు. పాతిక టన్నుల పడవను అరచేతి మందము సందున దూర్చుట ఎంత విద్యయో, అక్షరములు రాని పడవ ఇల్లాలివద్ద ఎంత నేర్చుకొనవలసి యున్నదో వారికి అప్పుడు తెలిసినది.

1948లో కాలువలు చాలవరకు ప్రభుత్వపరమైనవి. లారీలు, రోడ్లు అప్పటికే సరుకును లాగుకొన్నవి. 1962 డిసెంబరు చివర మొదలైన చలి 1963 మార్చి వరకు వదలలేదు. కాలువలు గడ్డకట్టినవి, పడవలు వారముల తరబడి కదలలేదు. సరుకు ఇతర మార్గములు వెదకుకొని మరి తిరిగి రాలేదు. వార్విక్‌షైరు బొగ్గును లండను సమీపపు సౌతాల్‌లోని జాము ఫ్యాక్టరీకి చేర్చు బేరము 1970 అక్టోబరులో ఆగినది. క్రమము తప్పక నడచిన దూరప్రయాణపు బొగ్గు పడవలలో అదియే చివరిదని చెప్పుదురు. పడవ కుటుంబములు గట్టెక్కినవి. నీటిమీద గట్టెక్కుట అనగా మనకు గండము గడచుట. వారిలో కొందరికి మాత్రము కదలని గోడల నడుమ నిద్రపట్టలేదట.

కాలువలు మాత్రము పూడిపోలేదు. ఎల్. టి. సి. రోల్ట్ అను ఇంజనీరు తన పడవ ప్రయాణమును గూర్చి 1944లో ప్రకటించిన గ్రంథము చదివి పలువురు మేలుకొనిరి. 1946లో కాలువల రక్షణ సంఘ మేర్పడినది. స్వచ్ఛందముగా వచ్చినవారు బురద తీసి, లాకులు మరమ్మతు చేసిరి. 2012 నుండి ఇంగ్లండు, వేల్సులలో రెండువేల మైళ్ల కాలువలను, నదులను ఒక ధర్మసంస్థ పాలించుచున్నది. ముప్పదివేలకు పైగా పడవలున్నవి. అధికము విహారమునకే. కాని వేలమంది వాటిలోనే కాపురమున్నారు. కొందరు నెమ్మదిని కోరి, కొందరు నగరములలో ఇంటి అద్దె భరింపలేక.

వీరి పడవలలో విద్యుద్దీపములు, పైకప్పుమీద సూర్యశక్తి పలకలు ఉన్నవి. అయినను నీటితొట్టి నింపుట, మరుగుపెట్టె ఖాళీచేయుట, చలికాలమున పొయ్యికి బొగ్గు మోయుట నాటివలెనే తప్పలేదు. గంటకు నాలుగు మైళ్ల వేగము మించరాదు. సొంత రేవులేని పడవ ఒకచోట 14 దినములకు మించి నిలువరాదని 1995 చట్టము చెప్పుచున్నది. అట్టి పడవలోని బిడ్డ ఏ బడిలో చేరవలెను? ఉత్తరము ఏ చిరునామాకు రావలెను? రోగి ఏ వైద్యునివద్ద పేరు వ్రాయించుకొనవలెను? నూరేండ్లకు మునుపటి ప్రశ్నలే మరల లేచినవి.

బ్రిండ్లీ లాకులు నేటికిని పనిచేయుచున్నవి. ఏడడుగుల కొలత మారలేదు. ఎగువ నీరు, దిగువ నీరు సమమగువరకు లాకు తలుపును ఎవరు త్రోసినను తెరువదు. సమమైన పిమ్మట పదేండ్ల పిల్లయు వీపుతో త్రోసి తెరువగలదు. పడవ బిడ్డల చదువు చరిత్రయు మాకు అట్లే కన్పట్టును. చట్టములు ఆ తలుపును చాలకాలము త్రోసినవి. కాలువ ప్రక్కకు బడి వచ్చిన నాడు, లాకు ప్రక్కన ఒక పరిచారిక తలుపు తెరచియుంచిన నాడు మాత్రమే అది కొంచెము కదలినది.